వెన్‌జౌలో పూడ్చిన రైలుపెట్టె

2011 జూలై 23, శనివారం రాత్రి 8.30. చైనాలో జెజియాంగ్ ప్రావిన్సు, వెన్‌జౌ నగరం దగ్గర ఎత్తైన వంతెన మీద మెల్లగా కదులుతున్న డి3115 అనే హైస్పీడ్ రైలుని డి301 అనే ఇంకో హైస్పీడ్ రైలు వెనకనుంచి వచ్చి గుద్దింది. డి301 ముందు పెట్టెలు వంతెన మీంచి కింద పడ్డాయి. నాలుగోది నిట్టనిలువుగా వేలాడింది. 40 మంది చనిపోయారు, 172 మంది గాయపడ్డారు.

ప్రమాదం ఎందుకు జరిగిందో ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వ విచారణ నివేదిక చాలావరకు చెప్పింది. చైనా జనం ప్రభుత్వం మాట నమ్మడం ఎందుకు మానేశారో తెలియాలంటే ఆ తర్వాతి ఐదారు రోజుల్లో జరిగినవి చూడాలి. పట్టాల మీద ఏ తప్పు జరిగిందో, పట్టాల కింద బురదలోనూ అదే తప్పు జరిగింది. అందుకని ముందు సాంకేతిక సంగతి కొంచెం ఓపిగ్గా చూద్దాం.

పట్టాలని సెక్షన్లుగా విడగొట్టి, ఒక్కో సెక్షన్‌లో సన్నటి కరెంటు పంపుతారు. రైలు చక్రాలు రెండు పట్టాలనీ కలిపేసరికి ఆ కరెంటు అవతలి కొసకి చేరదు. దాన్నిబట్టి సెక్షన్‌లో బండి ఉందని తెలుస్తుంది. ఆ సమాచారం స్టేషన్లో ఉండే కంట్రోల్ యంత్రానికి వెళ్తుంది, అది వెనక సిగ్నళ్లని ఎర్రగా మారుస్తుంది. వెన్‌జౌ సౌత్ స్టేషన్లో ఉన్న యంత్రం పేరు ఎల్‌కేడీ2-టీ1. ఆ సాయంత్రం 7.30 ప్రాంతంలో పిడుగులకి కేబుళ్లలో వోల్టేజీ ఎగదన్నింది. సమాచారం సేకరించే బోర్డుకి కరెంటిచ్చే దారిలో ఎఫ్2 అనే ఫ్యూజు, 5 ఆంపియర్లది, కాలిపోయింది.

ఫ్యూజు కాలడం నేరం కాదు, దాని పనే అది. అది కాలగానే యంత్రం "నాకేమీ తెలియడం లేదు" అనుకుని అన్నిటికీ ఎరుపు ఇవ్వాలి. రైల్వే సిగ్నలింగ్‌లో ఫెయిల్ సేఫ్ అంటే అంతే: తెలియకపోతే ఆపు. ఈ యంత్రం అలా చెయ్యలేదు. ఫ్యూజు కాలకముందు చివరిసారి ఏం చూసిందో దాన్నే పట్టుకు కూర్చుంది. అప్పుడు ఆ సెక్షన్లలో బళ్లేమీ లేవు. కాబట్టి ఆ తర్వాత ఏ బండి వచ్చినా, "ఖాళీగానే ఉంది" అంటూ ఆకుపచ్చ ఇస్తూ పోయింది.

అదే పిడుగులకి 5829ఏజీ అనే సెక్షన్ ట్రాక్ సర్క్యూట్ కూడా పాడై, పట్టాల్లోకి తప్పుడు కోడ్ పంపుతోంది. డి3115 అక్కడికి రాగానే దాని ఆటోమేటిక్ బ్రేకు పడి ఆగిపోయింది. కంటితో చూసుకుంటూ నెమ్మదిగా నడిపే పద్ధతికి మారడానికి డ్రైవరు మూడుసార్లు ప్రయత్నించాడు, కుదరలేదు. అక్కడే 7 నిమిషాల 40 సెకన్లు పోయాయి. ఈలోగా రైళ్ల రాకపోకలు చూసే కంట్రోలర్‌ని ఆరుసార్లు పిలిచాడు, అందలేదు. స్టేషన్ డ్యూటీలో ఉన్న మనిషి అతన్ని మూడుసార్లు పిలిచాడు, అదీ అందలేదు. సరిగ్గా ఆ వ్యవధిలో, 8.24కి, వెనక స్టేషన్ యోంగ్‌జియా నుంచి డి301 ఆకుపచ్చ సిగ్నల్ చూసుకునే బయల్దేరింది. 8.29 దాటాక వెన్‌జౌ సౌత్ నుంచి డి301కి రేడియోలో కేక వినిపించింది: జాగ్రత్తగా నడపండి, సెక్షన్‌లో బండి ఉంది, 3115 ఉంది అని. మాట పూర్తి కాకుండానే తెగిపోయింది. డి3115 అప్పుడే కదిలి 16 కిలోమీటర్ల వేగంలో ఉంది. డి301 డ్రైవరు బ్రేకు వేసినా, గుద్దే సమయానికి వేగం 99 కిలోమీటర్లు. ఆ డ్రైవరు బతకలేదు.

ఇక్కడ పిడుగుని తిట్టి లాభం లేదు. రాత్రి ఎనిమిది కాకముందే కంట్రోల్ తెర మీద చూపిస్తున్నదీ, స్టేషన్లో కనిపిస్తున్నదీ ఒకదానికొకటి పొసగడం లేదని సిబ్బందికి తెలుసు. ఆ స్టేషన్లని మామూలు నియంత్రణ నుంచి తప్పించి చేతితో నడిపే పద్ధతికి కూడా మార్చారు. అంటే యంత్రాన్ని నమ్మకూడదని అప్పటికే ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నాక ముందు బండి సెక్షన్ దాటిందని నోటిమాటగా ఖాయం చేసుకోకుండా వెనక బండిని వదలకూడదు. వదిలారు.

ఇక ప్రమాదం తర్వాత.

జూలై 24 ఉదయం వంతెన కింద పొక్లెయినర్లు గొయ్యి తవ్వి, డి301 ముందు పెట్టెని విరగ్గొట్టి అందులోకి నెట్టడం చుట్టుపక్కల జనం చూశారు. ఫోన్లతో తీసిన దృశ్యాలు వెయ్‌బో అనే చైనా సామాజిక మాధ్యమంలో గంటల్లోనే దేశమంతా తిరిగాయి. ప్రమాదం జరిగి 26 గంటలు గడిచాక రైల్వే మంత్రిత్వశాఖ ప్రతినిధి వాంగ్ యోంగ్‌పింగ్ విలేఖరుల ముందుకొచ్చాడు. ఎందుకు పూడ్చారని అడిగారు. నేల బురద, సహాయక యంత్రాలు దిగడానికి చోటు కావాలి, అందుకని పూడ్చామని అక్కడివాళ్లు చెప్పారన్నాడు. చివర్లో అతను అన్న మాట ఇది: "మీరు నమ్ముతారా లేదా అన్నది మీ ఇష్టం, నేను మాత్రం నమ్ముతున్నాను."

ఆ మాట చైనాలో సామెతలా మిగిలిపోయింది. అతన్ని ఆగస్టులో పదవి నుంచి తప్పించారు. నాకు మాత్రం అతనొక్కడిదే తప్పు అనిపించదు. తెలియకుండానే "ఖాళీగానే ఉంది" అన్న ఆ యంత్రం తప్పే ఇక్కడా జరిగింది. విచారణ పూర్తికాని విషయం మీద నమ్మకం ప్రకటించమని ఏ ప్రతినిధినీ నిలబెట్టకూడదు. అతని దగ్గర ఉండాల్సినవి వేరు: ఏ పెట్టెని ఎవరు, ఎన్ని గంటలకి, ఎవరి ఆదేశం మీద కదిపారు, కదపకముందు తీసిన ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి, డేటా రికార్డర్లని తీసి సీలు వేసిన కాగితం మీద ఎవరెవరి సంతకాలున్నాయి. సహాయక చర్యల్లో శిథిలాలు కదపక తప్పదు, మనిషి ప్రాణం ముందు. కానీ కదిపేముందు ప్రతి ముక్కకీ గుర్తు పెట్టి, ఎక్కడుందో ఫోటో తీసి, కోసిన చోట రంగు వేసి, కాపలా ఉన్న జాగాలో పరచాలి. అప్పుడే ఏ వంపు ప్రమాదంలో వచ్చిందో, ఏ వంపు పొక్లెయినర్‌తో వచ్చిందో తేలుతుంది. వెన్‌జౌలో ఈ పని తర్వాత జరిగింది. గోల పెరిగాక పూడ్చినదాన్ని బయటికి తీసి, వెన్‌జౌ వెస్ట్ స్టేషన్‌కి తరలించారు.

ఇంతకంటే గుండె పిండే సంగతి ఇంకొకటి. ఇక ప్రాణాలతో ఎవరూ లేరన్న మాట బయటికొచ్చాక, దాదాపు 21 గంటల తర్వాత, శిథిలాల్లోంచి రెండేళ్ల పాప బతికి బయటపడింది. పెట్టెని అలాగే క్రేన్‌తో దించెయ్యకుండా పైనే వెతకాలని ఒక పోలీసు అధికారి పట్టుబట్టడం వల్ల దొరికింది. దాన్ని ప్రతినిధి "అద్భుతం" అన్నాడు. పిల్ల బతకడం అద్భుతమే, కాదనను. కానీ జనం అడిగింది అది కాదు. వెతకడం ఎప్పుడు ఆపమన్నారు, ఎవరు ఆపమన్నారు అని. జవాబు రాలేదు. 25 తెల్లవారేసరికి ఆ లైను మీద మళ్లీ బళ్లు నడిచాయి. అంత తొందరగా లైను తెరవగలగడం ఇంకో రోజైతే గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ రోజు మాత్రం అదే అనుమానానికి ఆజ్యం పోసింది.

మృతుల సంఖ్య 35 దగ్గర ఆగినప్పుడు ఒక పుకారు పుట్టింది: 36 మంది చనిపోతే నగర కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ఉద్యోగం పోతుంది, అందుకే లెక్క అక్కడ ఆపారు అని. నిబంధనల్లో అలాంటి అంకె లేదు. 2007 నియమాల ప్రకారం 30 మంది చనిపోతే చాలు, అది "అత్యంత తీవ్ర ప్రమాదం" అవుతుంది, విచారణ నేరుగా కేంద్ర ప్రభుత్వం, అంటే స్టేట్ కౌన్సిల్, చేతికి వెళ్తుంది. 35 దాటినా దాటకపోయినా తేడా లేదు. అయినా పుకారు నిలబడింది. కారణం చాలా మామూలుది. 2011 జూన్ 1 నుంచి ఈ రైళ్లకి గుర్తింపు కార్డు చూపించే టికెట్ కొనాలి. అంటే ఎవరెక్కారో పేర్లతో సహా రైల్వే దగ్గరుంది. ఆ పట్టికని ఆసుపత్రుల పట్టికతో కలిపి, ఎక్కినవాళ్లు ఇంతమంది, దొరికినవాళ్లు ఇంతమంది, ఆచూకీ లేనివాళ్లు ఇంతమంది అని మొదటిరోజే మూడు అంకెలు చెప్పి ఉంటే, 35 ఎందుకు 38 అయిందో, 40 ఎందుకు అయిందో జనం వాళ్లంతట వాళ్లే లెక్క వేసుకునేవారు.

డబ్బు సంగతి దగ్గర జనం ఇంకా మండిపడ్డారు. 2007 నాటి రైల్వే ప్రమాదాల నియమాల్లో 33వ అధికరణ ప్రకారం ప్రయాణికుడి ప్రాణానికి పరిమితి 1,50,000 యువాన్లు, సామానుకి 2,000. టికెట్టులోనే కలిపి వసూలు చేసే నిర్బంధ బీమా ఇంకో 20,000. మొత్తం 1,72,000. ఈ అంకె బయటికి రాగానే నిప్పు రాజుకుంది. తర్వాత మొదటి ఒప్పందం 5,00,000కి కుదిరింది. జూలై 29న అందరికీ 9,15,000 అని ప్రకటించారు.

మూడు రోజుల్లో అంకె దాదాపు రెట్టింపైతే మొదట సంతకం పెట్టినవాడు ఏమనుకోవాలి? నిజానికి పెద్ద మొత్తానికి చట్టం అప్పటికే ఉంది. 2010 జూలై 1న అమల్లోకి వచ్చిన పౌర నష్టపరిహార చట్టం కింద, సుప్రీంకోర్టు ఇచ్చిన సూత్రం ప్రకారం, పట్టణవాసి చనిపోతే ఆ ప్రావిన్సు పట్టణాల తలసరి ఖర్చుపెట్టగల ఆదాయానికి 20 రెట్లు అప్పట్లో లెక్క కట్టేవారు. జెజియాంగ్‌లో 2010కి అది 27,359 యువాన్లు. 20 రెట్లంటే 5,47,180. దానికి అంత్యక్రియల ఖర్చు, ఆధారపడ్డవాళ్ల పోషణ, మానసిక వేదనకి ఇచ్చేది కలిసేవి. పల్లెవాళ్లకి అప్పట్లో మామూలుగా తక్కువ ఆదాయం మీద లెక్క వేసేవారు, కానీ ఒకే ప్రమాదంలో ఎక్కువమంది చనిపోతే అందరికీ సమానంగా ఇవ్వొచ్చని ఆ చట్టం 17వ అధికరణ చెప్పేది. ఆ లెక్కని మొదటిరోజే కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే అది హక్కులా ఉండేది. రోజుకో అంకె చెప్పడంతో బేరంలా తయారైంది. 1,50,000 పరిమితినీ, టికెట్టులోని నిర్బంధ బీమానీ 2013 జనవరి 1 నుంచి తీసేశారు.

ఇక ఎవరు విచారించాలి అన్నది. మొదటి విచారణ బృందంలో రైల్వే మంత్రిత్వశాఖ మనుషులు కూడా ఉన్నారు. అప్పటి ఆ శాఖ ఎలాంటిదో తెలిస్తే ఇది ఎంత అన్యాయమో తెలుస్తుంది. బళ్లు నడిపేది వాళ్లే, భద్రతా నియమాలు రాసేది వాళ్లే, తనిఖీ చేసేది వాళ్లే. రైల్వేకి సొంత పోలీసులు, ప్రాసిక్యూటర్లు, సొంత కోర్టులు కూడా ఉండేవి. బాధితుడు దావా వేసినా ప్రతివాది తాలూకు కోర్టుకే వెళ్లాలి. కోర్టులు 2012లో మామూలు న్యాయవ్యవస్థలోకి వెళ్లాయి. మంత్రిత్వశాఖని 2013 మార్చిలో రద్దు చేసి, నడిపే పని ఒక కార్పొరేషన్‌కీ, పర్యవేక్షణ వేరే సంస్థకీ ఇచ్చారు.

జూలై 28న ప్రధాని వెన్ జియాబావో ఘటనాస్థలానికి వచ్చి, విచారణ బహిరంగంగా ఉంటుందని మాటిచ్చారు. ఆగస్టు 10న రైల్వే మనుషులని బృందం నుంచి తప్పించారు. ఆ మార్పే నివేదికకి కాస్తయినా విలువ తెచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. గడువు 60 రోజులు. నివేదిక వచ్చింది డిసెంబరు 28న, 158 రోజులకి. ఈలోగా చైనా పత్రికలకి ఆంక్షలు వచ్చాయి. జూలై 29 రాత్రి చాలా పత్రికలు సిద్ధం చేసుకున్న పేజీలు తీసేయాల్సి వచ్చింది.

నివేదిక మెత్తగా లేదు. యంత్రం డిజైన్‌లో తీవ్రమైన లోపం ఉందని, మంత్రిత్వశాఖ దాన్ని సరిగా పరీక్షించకుండానే లైను మీదికి అనుమతించిందని, ఆ లైనుని నడిపిన షాంఘై రైల్వే బ్యూరో సిబ్బంది ఆ రాత్రి తప్పులు చేశారని రాసింది. ప్రమాదానంతర చర్యలు సరిగా లేవని, సమాచారం సకాలంలో ఇవ్వలేదని, జనం ఆందోళనకి ఇచ్చిన జవాబులు కచ్చితంగా లేవని కూడా ఒప్పుకుంది. 54 మంది మీద చర్యలకి సిఫార్సు చేసింది. అందులో పెద్ద పేర్లు రెండు, మాజీ రైల్వే మంత్రి లియు జిజున్, ఉన్నతాధికారి జాంగ్ షుగువాంగ్. ఇద్దరూ ప్రమాదానికి నెలల ముందే అవినీతి కేసుల్లో పదవులు పోగొట్టుకున్నవాళ్లు. లియుకి 2013లో, జాంగ్‌కి 2014లో అమలు వాయిదా వేసిన మరణశిక్షలు పడ్డాయి. ఆ కేసులు లంచాలవి, అధికార దుర్వినియోగానివి. ఎల్‌కేడీ2-టీ1ని పరీక్ష లేకుండా లైనెక్కించిన సంగతి వాటిలో లేదు.