ఖంభాత్: సాన దగ్గర లేచే పొడి, సంచిలో ఎక్స్‌రే ఫిల్ములు

విజయవాడలోనో వరంగల్‌లోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వడోదరలో దిగొచ్చు. అక్కణ్ణించి ఆనంద్. ఆనంద్ నుంచి పెట్లాద్ మీదుగా 50 కిలోమీటర్ల పైచిలుకు బ్రాంచి లైను. పట్టాలు ఎక్కడ ఆగిపోతాయో అదే ఖంభాత్. ఒకప్పుడు అరబ్బు ఓడలు ఆగిన రేవు ఇది. మేట వేసి వేసి సముద్రం వెనక్కి పోయింది. 1325లో కట్టిన జామా మసీదు, హల్వాసన్ అనే గోధుమ మిఠాయి, అకీకు రాయి ఈ ఊరికి మిగిలాయి. చార్మినార్ దగ్గర ఉంగరాల దుకాణాల్లో హకీక్ పేరుతో అమ్మేది ఈ రాయినే.

మేం వెళ్లింది రాయి కొనడానికి కాదు, అది లేపే పొడి కోసం. వడోదరలో 1992లో మొదలైన పీపుల్స్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడి సానపట్టే కార్మికుల సిలికోసిస్ (రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు) మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ పనిలో వైద్యం పాలు తక్కువ, కాగితాల పాలు ఎక్కువ. అలా ఎందుకో తెలియాలంటే ముందు రాయి దారి తెలియాలి.

రాయి భరూచ్ జిల్లా రతన్‌పూర్ గుట్టల్లోంచి వస్తుంది. ఆ గుట్ట మీద బావా గోర్ దర్గా ఉంది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల పీరు ఆయన, అకీకు పనివాళ్లకు పెద్దదిక్కు. హిందువులు, ముస్లింలు, పార్శీలు అందరూ అక్కడికి మొక్కులకు వెళ్తారు. (హైదరాబాద్ ఏ.సి. గార్డ్స్‌లో ఉండే సిద్దీలకూ మూలాలు ఆఫ్రికాలోనే. ఆ పేరులోని ‘ఏ’ ఆఫ్రికన్ అన్న మాటకే వచ్చింది.) తవ్వి తీసిన రాళ్లను నెలల తరబడి ఎండలో పోస్తారు. తర్వాత మట్టికుండల్లో పెట్టి, చుట్టూ పిడకలో రంపపు పొట్టో పేర్చి సన్నని సెగ మీద కాలుస్తారు. రాయిలోని ఇనుము ఎర్రబడి కెంపు రంగు దేలేది ఇక్కడే. తేమ పూర్తిగా ఆరకుండా కాలిస్తే రాయి పగిలిపోతుంది. అందుకే ఎండబెట్టడంలో తొందరపడరు.

కాల్చిన రాయిని నేలలో ఏటవాలుగా పాతిన ఇనప మొనకు ఆనించి కొమ్ము సుత్తితో చిన్నగా కొడతారు. దెబ్బ ఒక వైపు, పెచ్చు లేచేది మరో వైపు. రాయికి పూస ఆకారం ఇక్కడే వస్తుంది. తర్వాతది సాన. అసలు ప్రమాదమంతా ఈ మెట్టు మీదే ఉంది. కరెంటు మోటారుకు బిగించిన కురుందపు చక్రం ముందు మనిషి గొంతుకు కూర్చుంటాడు. పూసను చేత్తో తిప్పుతూ చక్రానికి అదిమితే తెల్లటి పొడి నేరుగా ముఖం మీదికి లేస్తుంది. ఈ పనివాళ్లను ఘసియా అంటారు. బెజ్జం వేసేటప్పుడు వజ్రపు మొన మీద నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటాయి కాబట్టి అక్కడ పొడి తక్కువ. మెరుగు పెట్టేది కూడా నీళ్లు పోసి తిప్పే పీపాల్లోనే. మధ్యలో సాన ఒక్కటే పొడి పని.

అకీకు అంటే దాదాపు అంతా సిలికానే. కంటికి కనిపించే పొడి దగ్గుతోనో చీమిడితోనో బయటికి పోతుంది. ప్రాణం తీసేది 5 మైక్రాన్లకు లోపల ఉండే, కంటికి ఆనని రజను. అది ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తుంది. అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని మింగి చస్తాయి. అవి చచ్చిన చోట మచ్చ కడుతుంది. క్షయ క్రిమితో పోరాడాల్సినవీ ఆ కణాలే. అందుకే సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ వచ్చే ముప్పు మామూలు మనిషి కంటే చాలా ఎక్కువ. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఈ రజనును ఆపదు. ఎన్95 ఆపుతుంది గానీ, గుజరాత్ ఎండలో రోజంతా గొంతుకు కూర్చున్న మనిషి దాన్ని ముక్కు మీద ఎంతసేపు ఉంచుకోగలడు?

నీళ్లు పోసి సానపట్టొచ్చు కదా అని మేమూ అనుకున్నాం. తడి బురద పూసను కప్పేస్తే ఆకారం కనిపించదు, పని నెమ్మదిస్తుంది. కూలి లెక్క పూసల మీద కాబట్టి నెమ్మదిస్తే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. పైగా పాత మోటారు, తడి నేల అంటే షాకు భయం. పొడిని పీల్చే యంత్రాన్ని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ రూపొందించింది. చక్రానికి ఆనుకుని తొడుగు, దాని నుంచి గొట్టం, చివర బ్లోయరు, వడపోత సంచి ఉంటాయి. ఇలాంటివి చెడేది ఎప్పుడూ రెండు చోట్లే. సంచి నిండినా దులపకపోతే పీల్చుడు తగ్గి పొడి మళ్లీ ముఖం మీదికే వస్తుంది. కరెంటు బిల్లు ఘసియాదే అయితే ముందు ఆగిపోయేది బ్లోయరే. యంత్రం పెట్టించి ఫొటో దిగి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఈ బిల్లు సంగతి. ఇంట్లోనే సాన ఉంటే పొడి పీల్చేది పనివాడొక్కడే కాదు. పక్క గదిలో పిల్లలు, గోడకవతల పొరుగువాళ్లు కూడా పీలుస్తారు. సానపట్టని వాళ్ల ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయని ఆ జాతీయ సంస్థ పరిశోధనలే చెప్పాయి.

చట్టం సంగతికి వద్దాం. సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండేది. దాన్ని గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలి. కానీ కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటేనే ఆ చట్టం దాన్ని ఫ్యాక్టరీ అంది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ అంకెను 20 చేసింది. వ్యాపారి రాయిని ఇళ్లకు పంచి ఇచ్చేస్తే ఏ ఇంట్లోనూ అంతమంది ఉండరు. పాత చట్టం సెక్షన్ 85 కింద రాష్ట్రం చిన్న చోట్లను కూడా పరిధిలోకి తేగలిగేది. అయితే ఇంటివాళ్ల సాయంతోనే పనిచేసే చోట్లకు అది వర్తించదని అదే సెక్షన్ చెప్పింది. ఖంభాత్ ఆ కంతలోంచి పూర్తిగా జారిపోయింది. యజమాని లేడు, హాజరు పట్టీ లేదు, ఇ.ఎస్.ఐ. లేదు.

కాబట్టి రుజువును కిందినుంచి కట్టుకుంటూ రావాలి. మొదటిది పని చరిత్ర: ఏ వయసులో మొదలు, ఎన్నేళ్లు, ఏ పని, రోజుకు ఎన్ని గంటలు, ఎవరి రాయి. కొట్టే పనా, సానా, మెరుగా అన్నది విడివిడిగా రాసుకోవాలి. ‘అకీకు పని’ అని ఊరికే రాస్తే తర్వాత నిలబడదు. రెండోది ఛాతీ ఎక్స్‌రే. నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టించి తీయాలి. సగం ఊపిరిలో తీసిన ఫిల్ములో కింది భాగం తెల్లగా వచ్చి మచ్చలని భ్రమ పడతాం. దాన్ని ఐ.ఎల్.ఓ. (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ప్రమాణ ఫిల్ములతో పోల్చి చదవగలిగినవాళ్లు కావాలి. మూడోది కఫం పరీక్ష. కఫంలో క్రిములు లేకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ అని రాసేయడం, ఆరు నెలల మందు వాడించడం, తగ్గలేదని మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బులో మామూలు తప్పు. చివరికి మనిషి పోతే మరణ పత్రంలోనూ టీబీ అనే ఉంటుంది. పరిహారం తలుపు అక్కడ మూసుకుపోతుంది.

ఆ తలుపు తెరిచినవాళ్లు లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ నుంచి గోధ్రా క్వార్ట్జ్ మిల్లులకు వెళ్లి చనిపోయిన 238 మంది ఆదివాసీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానమే తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయితే 3 లక్షలు, మరణిస్తే మరో 2 లక్షలు. రెండు చోట్లా ముందు గుట్టగా చేరినవి ఎక్స్‌రేలే.

ఈ ఊళ్లో ఇంకో అడ్డు ఉంది. 2020 ఫిబ్రవరిలో ఇక్కడ మత ఘర్షణలు జరిగి ఇళ్లు, దుకాణాలు కాలాయి. 2022 ఏప్రిల్ 10న శ్రీరామనవమి ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి, ఒక మనిషి చనిపోయాడు. సాన చుట్టూ ఉన్నవాళ్లలో రెండు మతాల వాళ్లూ ఉన్నారు. కర్ఫ్యూ పడితే టీబీ మాత్రల వరుస తెగుతుంది. వాడా దాటి వెళ్లి కాగితాలు సేకరించే మనిషి ఆగిపోతాడు. ఇలాంటి చోట పనిచేసేవాళ్లకు మా మాట ఇది: పండుగల ముందు రోగి చేతిలో రెండు వారాల మందు అదనంగా ఉండేలా ఆసుపత్రితో మాట్లాడుకోండి. శిబిరం ఏ మతం వీధిలోనూ పెట్టకండి, బడిలోనో ప్రభుత్వ ఆసుపత్రి వరండాలోనో పెట్టండి. ఇంటింటికీ తిరిగే జంటలో ఇద్దరూ ఒకే వాడా వాళ్లు కాకుండా చూడండి. పేర్ల జాబితాను వీధివారీగా రాయకండి, అది ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. శాంతి సభల కన్నా ఈ జాబితాలే రెండు వైపుల వాళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెడతాయని మాకనిపించింది. అందరి ఫిల్ములోనూ ఒకేలాంటి చుక్కలు కదా.

ఫిల్ముల గురించి ఒక్క మాట. చాలా ఇళ్లలో వాటిని మడిచి ప్లాస్టిక్ సంచిలో వేసి పరుపు కింద పెడతారు. వేసవికి అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యలో పలచని కాగితం పెట్టి, బల్లపరుపుగా ఉంచి, ఒక మూల తారీఖు, పేరు రాసుకోవాలి. కిటికీ అద్దానికి ఆనించి, వెనక నుంచి వెలుగు పడేలా ఫోనులో ఫొటో తీసిపెట్టుకోవాలి. రెండు మూడేళ్ల ఎడంతో తీసిన ఫిల్ములు పక్కపక్కన పెడితే మచ్చలు పెరుగుతున్నాయో లేదో కనిపిస్తుంది, పాతది పోతే పోల్చడానికి ఏమీ ఉండదు.