చెవి ఒప్పుకున్నాకే లోతుకు: నా స్కూబా శిక్షణ

హావ్‌లాక్ దీవిలో మొదటిసారి సముద్రంలోకి దిగిన రోజున నాకు జలుబుగా ఉంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో, అక్కడి నుంచి పడవలో దీవికి చేరేసరికే ముక్కు దిబ్బడ వేసింది. (2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా పేర్లు మారినా, రేవులో నాకు వినిపించినవి పాత పేర్లే.) మేము బస చేసిన రిసార్టులో డైవింగ్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నావళి ఒకటి ఇచ్చారు. చెవులు, సైనస్ సమస్యల గురించి అడిగిన చోట నా పెన్ను ఆగిపోయింది. అది గమనించిన ఉద్యోగి, "అన్నిటికీ 'నో' అని పెట్టేయండి సార్, ఒక్క 'ఎస్' ఉన్నా డాక్టరు సంతకం కావాలి, ఇక్కడ అది కుదరదు" అన్నాడు. డబ్బు కట్టేశాం, ఒడ్డున మా ఆవిడా పిల్లలూ ఎదురు చూస్తున్నారు. అలాగే పెట్టేశాను.

నాలుగు మీటర్లు దిగకముందే కుడి చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి పుట్టింది. శిక్షకుడు వెనక నుంచి నా సిలిండర్ పట్టుకుని కిందికి తీసుకెళ్తుండడంతో, నేను చెవి వైపు చూపించిన వేలు అతనికి కనిపించలేదు. పైకి వచ్చాక ఆ చెవికి మాటలు దుప్పటి చాటు నుంచి వస్తున్నట్టు వినిపించాయి.

చెన్నైకి తిరిగి వచ్చాక నుంగంబాకంలో ఉండే ఈఎన్‌టీ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. నెల్లూరు వైపు వారు కావడంతో తెలుగులోనే ఓపికగా వివరించారు. కర్ణభేరి మీద ఎర్రగా కమిలిన చోటును తెర మీద చూపించి, మధ్య చెవిలోని గాలికి గొంతు వెనక నుంచి వచ్చే సన్నని నాళమే దారి అనీ, జలుబుతో అది వాచినప్పుడు బయటి ఒత్తిడికి సరిపడా గాలి లోపలికి చేరక కర్ణభేరి లోపలికి లాగబడుతుందనీ చెప్పారు. నీటి మట్టం దగ్గర ఒక వాతావరణ పీడనం ఉంటే పది మీటర్ల లోతులో అది రెండవుతుంది, ఇరవై మీటర్లలో మూడవుతుంది. అంటే మొదటి పది మీటర్లలోనే గాలి ఘనపరిమాణం సగానికి పడిపోతుంది, తరువాతి పది మీటర్లలో సగం నుంచి మూడో వంతుకు మాత్రమే తగ్గుతుంది. లోతు ఎక్కువైన కొద్దీ చెవికి ప్రమాదం అనుకుంటూ వచ్చిన నాకు, అసలు కష్టమంతా పైపై నీళ్లలోనే అని అప్పుడు అర్థమైంది. ముక్కులో చుక్కలు వేసుకుని దిగడమూ మంచిది కాదన్నారు. మందు ప్రభావం లోతులో ఉండగానే తగ్గితే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి బయటికి దారి ఉండదు.

ఆరు వారాలు ఆగమన్నారు, ఆగాను. ఆ తరువాత ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని ఒక శిక్షణ కేంద్రంలో, పాడీ (PADI) అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థ నడిపే తొలి స్థాయి కోర్సు 'ఓపెన్ వాటర్'లో చేరి, ఈసారి చెవుల ప్రశ్నకు 'ఎస్' అని రాసి, వైద్యురాలి సంతకం జతచేశాను. పాఠాలు, యాభై ప్రశ్నల పరీక్ష, 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీటిలో తేలడం పెద్ద ఇబ్బంది లేకుండా గడిచిపోయాయి.

కొలనులో శిక్షణ ఇచ్చిన యువకుడు శ్రీకాకుళం జిల్లా మత్స్యకార కుటుంబంలో పుట్టినవాడు. "నొప్పి వచ్చాక కాదు సార్, రాకముందే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. చెవి తెరుచుకోకపోతే కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి, బలవంతం చేయకూడదు" అని ప్రతిసారీ గుర్తు చేసేవాడు. నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం మాస్కు. నీళ్లు నిండిన మాస్కు పై అంచును వేళ్లతో నొక్కి, తల కాస్త పైకెత్తి, ముక్కుతో గాలి వదిలితే నీరు కింది అంచు నుంచి బయటికి పోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ముక్కుకు నీళ్లు తగలగానే నా శరీరం నా మాట వినలేదు; మూడుసార్లూ మోకాళ్ల మీద నుంచి లేచి నిలబడిపోయాను. అతను విసుక్కోకుండా మాస్కు పూర్తిగా తీయించి, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోట్లో ఉంచి, ముఖం నీళ్లలో పెట్టి పది నిమిషాలు ఊరికే ఊపిరి తీయమన్నాడు. నోటి ఊపిరినీ ముక్కునూ వేరు చేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ పది నిమిషాలు ఇవ్వకపోయి ఉంటే నేను కోర్సు మానేసేవాడిని.

సముద్రంలో చేయవలసిన నాలుగు డైవ్‌ల కోసం మళ్లీ హావ్‌లాక్‌కే వెళ్లాం, ఈసారి వేరే కేంద్రానికి. మొదటిది ఒడ్డు నుంచే నడిచి దిగే నెమో రీఫ్‌లో. తాడు పట్టుకుని దిగుతుండగా రెండు మీటర్ల దగ్గర కుడి చెవి మొరాయించింది. అరచేతిని అటూ ఇటూ ఊపి చెవి చూపించాను. ఎదురుగా ఉన్న శిక్షకురాలు వెంటనే ఆగి, నన్ను అర మీటరు పైకి తెచ్చి, నా ముఖం వైపే చూస్తూ వేచి ఉన్నారు. రెండో ప్రయత్నంలో చెవిలో టిక్కుమని చిన్న చప్పుడై దారి తెరుచుకుంది. ఆరు మీటర్లు దిగడానికి మాకు ఐదు నిమిషాలకు పైగా పట్టింది. అడుగున ఊగుతున్న ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) పోగుల మధ్య నుంచి తెల్ల చారల చేప ఒకటి ముందుకు వచ్చి, నా మాస్కుకు ఎదురుగా నిలిచి, మళ్లీ పోగుల్లోకి ఒదిగింది.

నాలుగో డైవ్‌లో 16 మీటర్ల దాకా వెళ్లి, తిరిగి వస్తూ ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కనుక ఒక రోజు అదనంగా ఉండేలా ముందే టికెట్లు తీసుకున్నాం. ఆ సాయంత్రం లాగ్ పుస్తకంలో నాలుగు డైవ్‌ల లోతులూ సమయాలూ నింపి, మొదటి డైవ్ వరుసలో ఇలా రాశాను: 'కుడి చెవి రెండు మీటర్ల దగ్గర ఒకసారి ఆగింది. పైకి వచ్చి మళ్లీ దిగాను. నొప్పి లేదు.'