ఏవండీ, ఎర్రదారం అయిపోయింది

మా అమ్మ బట్టలు కుట్టేది. పెళ్లికి ముందే నేర్చుకున్న పని. మేం పుట్టాక, మా పిల్లలు పుట్టాక కూడా ఆ తొక్కుడు మిషన్ ఆగలేదు. ఆమెను తలుచుకుంటే మెడలో వేలాడే టేపు, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ముందు గుర్తొస్తాయి. సూదులు నోట్లో ఉన్నంతసేపూ తల ఊపడమే తప్ప మాట ఉండదు. ఏదైనా అడిగి ఒప్పించుకోవాలంటే మాకు అదే అదను.

నాకు గౌను కుట్టినప్పుడల్లా కింది మడతలో నాలుగు వేళ్ల వెడల్పు, పక్కల్లో వేలెడు బట్ట లోపలే వదిలేది. "పిల్ల ఎదగదూ?" అనేది. ఏడాది తిరిగేసరికి కుట్టు విప్పి కొంచెం దించేది. విప్పినచోట పాత మడత గీత, దాని కింద ఎండ తగలని ముదురు రంగు పట్టీలా కనిపించేవి. బడిలో అందరూ చూస్తారని నేను ఏడిస్తే, ఇంటిపనంతా అయ్యాక రాత్రి కూర్చుని ఆ గీత మీద సన్నటి లేసు వేసిచ్చింది.

ఎవరి కుట్టు చూసినా ముందు బట్ట తిరగేసేది. పైదారం, అడుగున బాబిన్ అనే చిన్న చుట్టలోంచి వచ్చే దారం బట్ట మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పైదారం వదులైతే అడుగున ఉచ్చులు తేలతాయి, మరీ బిగిస్తే అడుగుదారం చుక్కలు చుక్కలుగా పైకొస్తుంది. ఆ బిగువు ఆమె వేళ్లకు తెలుసు. పలచటి బట్టకు 11 నంబరు సూది, మామూలు వాటికి 14, మందపాటి వాటికి 16. నేను కుడుతుంటే పక్కగదిలోంచి చప్పుడు విని "మొన అరిగింది, సూది మార్చు" అనేది.

భార్యగా ఆమె ఎలాంటిదో నాన్న చొక్కాలు చూస్తే తెలిసేది. మెడ దగ్గర అరిగిన కాలరును జాగ్రత్తగా ఊడదీసి, తిరగేసి మళ్లీ కుట్టేది. అరిగిన వైపు లోపలికి పోయేది, నాన్న కొత్త చొక్కాలాగే వేసుకుని వెళ్లేవారు. నలభై దాటాక ఆమెకు దగ్గరి చూపు తగ్గింది. చేతిసూదిలోకి దారం ఎక్కేది కాదు. అప్పటినుంచి నాన్న రోజూ పనికి వెళ్లేముందు ఓ అరడజను సూదులకు దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చిపెట్టి వెళ్లేవారు. నల్లది, తెల్లది, ఆ రోజు కుడుతున్న బట్ట రంగుది. సాయంత్రం ఆయన చెప్పులు విడుస్తుండగానే లోపల్నుంచి "ఏవండీ, ఎర్రదారం అయిపోయింది" అనే కేక వినపడేది. వాళ్ల కాపురంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే.

మాకు నేర్పేనాటికి ఆమెకు తీరిక లేదు. మా అబ్బాయికి మాత్రం తీరిక ఉన్న అమ్మమ్మ దొరికింది. "చేతిసూదికి కన్ను వెనకుంటుంది కదా, దీనికి మొన దగ్గరెందుకు అమ్మమ్మా?" అని అడిగాడొకసారి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూపించింది. సూది కిందికి దిగి, కాస్త పైకి లేవగానే దారం ఉచ్చులా వదులవుతుంది, అడుగున కదిలే షటిల్ కొక్కెం ఆ ఉచ్చును అందుకుంటుంది. కన్ను మొన దగ్గర లేకపోతే దారం అక్కడిదాకా చేరేదెలా? వాడు తర్వాత వెతికి, 1846లో అమెరికాలో ఇలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషన్‌లోనూ సూది ఇలాంటిదేనని చెబితే ఎంత మురిసిపోయిందో! వచ్చినవాళ్లందరికీ వాడి చేత ఆ సంగతి మళ్లీ మళ్లీ చెప్పించింది.

జబ్బుపడ్డ చివరి నెలల గురించి రాయాలని లేదు. ఆ నెలల్లో ఉన్నది అమ్మ మొత్తం కాదు.

మిషన్ ఇప్పుడు నా దగ్గరుంది. సాగిపోయిన తోలు బెల్టును కాస్త కోసి మళ్లీ కలిపాను, నూనె వేశాను. మా అమ్మాయి తొక్కుతోంది. కుట్టు తిన్నగానే వస్తోంది, కాజాలు మాత్రం అమ్మలా ఎవరికీ కుదరడం లేదు. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఆమె కుట్టిన బట్టలు ఉంటే తిరగేసి, లోపలి వైపు ఫొటో తీసి నాకు పంపండి. పాతబడినా, చిరిగినా ఫరవాలేదు.