బోస్టన్ కామన్ దగ్గర దీపాలవేళ: ఛైల్డ్ హాసమ్ బొమ్మని కాపీ చేసిన నా అనుభవం

మేముండేది క్విన్సీలో, బోస్టన్‌కి దక్షిణం పక్కన, రెడ్ లైన్ ట్రైన్ ఎక్కితే సిటీ మధ్యలో పార్క్ స్ట్రీట్ స్టేషన్లో దిగొచ్చు. రెండేళ్ళ క్రితం సెప్టెంబర్లో వచ్చాను, హెచ్4 వీసా మీద, అంటే ఉద్యోగం వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది, నాకు ఉద్యోగం చెయ్యడానికి లేదు, డిసెంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగుంపావుకే సూర్యుడు వెళ్ళిపోయేవాడు. దీపాలవేళ పడుకోకూడదని మా అమ్మ చిన్నప్పట్నుంచీ గట్టిగా చెప్పేది, ఇక్కడ దీపాలవేళంటే కాఫీ తాగిన అరగంటకే వచ్చేస్తుంది, ఏం చెయ్యాలో తెలిసేది కాదు, కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద లైట్లు వెలగడం చూసేదాన్ని.

జనవరిలో లైబ్రరీ కార్డు మీద మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కి డిస్కౌంట్ పాస్ దొరికింది. ఒక్కదాన్నే వెళ్ళాను. అమెరికా బొమ్మలుండే వింగ్‌లో తిరుగుతూ ఒక పెద్ద కాన్వాసు ముందు ఆగిపోయాను, ఎంతసేపున్నానో తెలీదు. బోస్టన్ కామన్ ఎట్ ట్విలైట్ అని పేరు, బోస్టన్ కామన్ అంటే సిటీ మధ్యలో ఉన్న పార్కు, ట్విలైట్ అంటే మన దీపాలవేళ. గీసింది ఛైల్డ్ హాసమ్, 1885-86లో. ఎడమవైపు ట్రెమాంట్ స్ట్రీట్, ఇటుకరంగు భవనాలు, వరసగా గుర్రపు ట్రాములు, పేవ్‌మెంట్ మీద జనం. కుడివైపు పార్కు, అంతా మంచు. మధ్యలో ఎండిన చెట్లు బారులు తీరి దూరంగా వెళ్ళిపోతుంటాయి, వాటి వెనక ఆకాశం ఆరిపోతున్న నిప్పులా ఉంటుంది. ముందు ఒకావిడ మంచి నల్లకోటు వేసుకుని ఇద్దరు చిన్నపిల్లలతో నిలబడుంది, పిల్లలు మంచులో దిగిన పిట్టలకి ఏదో వేస్తున్నారు. నేను ఇంట్లో కూర్చుని భయపడే వేళే అది, సరిగ్గా అదే వేళ, అందులో ఆవిడ పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి తీరిగ్గా నిలబడింది.

ఆ రోజు తిరిగొచ్చేప్పుడు పార్క్ స్ట్రీట్లో ట్రైన్ మారకుండా పైకెక్కి చూశాను. ట్రెమాంట్ స్ట్రీట్ అదే, పార్కు అదే. ట్రాములు మాత్రం లేవు. ఆ రోజుల్లో ఈ వీధిలో ట్రాములు ఎంత కిక్కిరిసిపోయేవంటే వాటిని కిందకి దించడానికే ఇక్కడ సబ్‌వే తవ్వి 1897లో తెరిచారు, అమెరికాలో అదే మొదటిది. నేను మ్యూజియంకి వెళ్ళే గ్రీన్ లైన్ ట్రైన్ ఇప్పటికీ పార్క్ స్ట్రీట్ నుంచి బాయిల్‌స్టన్ దాకా ఆ సొరంగంలోనే పోతుంది, అంటే బొమ్మలో ఉన్న వీధి కిందనుంచే వెళ్ళి ఆ బొమ్మని చూసొస్తున్నానన్నమాట. ఇది తెలిశాక ఇక ఊరుకోలేకపోయాను. దీన్ని కాపీ చెయ్యాలనిపించింది.

నేను ఆర్ట్ కాలేజీలో చదవలేదు. తెనాలిలో మా మావయ్య బోర్డులు రాసేవాడు, సినిమా హోర్డింగులకి కూడా పనిచేశాడు, వేసవి సెలవులన్నీ ఆయన షెడ్డులోనే గడిపాను, రంగు కలపడం, బ్రష్ పట్టుకోవడం అక్కడే వచ్చింది. ఆయనకి ఫోన్ చేసి చెప్తే మొదట అడిగింది "సైజెంత?" అని. 42 అంగుళాలు ఇంటూ 60 అన్నాను. "మరి సగానికి తగ్గించుకో అమ్మడూ, గళ్ళు కట్టు, కళ్ళతో కొలిచి గియ్యకు" అన్నాడు. సగమంటే 21 ఇంటూ 30, మూడంగుళాల గళ్ళు కడితే అడ్డం పది, నిలువు ఏడు, డెబ్భై గళ్ళు, ఒక్క గీత కూడా మిగలకుండా సరిపోయింది. బొమ్మ ఫొటో మీదా అన్నే గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఉన్నది కాన్వాసు గడిలోకి దింపుకోవడమే. ఇరవై అడుగుల హీరో మొహాన్ని చిన్న ఫొటోలోంచి ఎలా పెంచేవాళ్ళో ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ తగ్గించడం. సగం సైజుకి ఇంకో కారణం కూడా ఉంది, కాపీ చేసేవాళ్ళు అసలు సైజులో చెయ్యకూడదు, సంతకం దింపకూడదు, వెనకాల ఇది కాపీ అని రాసిపెట్టాలి, రేపు ఎవరి చేతికెళ్ళినా మోసం జరగకూడదు కదా. హాసమ్ 1935లోనే పోయాడు, బొమ్మకి కాపీరైట్ గొడవేం లేదు.

ఆ సైజు కాన్వాసు షాపుల్లో రెడీగా దొరకలేదు. స్ట్రెచర్ బార్లు కొని, రోల్ లోంచి గుడ్డ కత్తిరించి, స్టేపుల్ గన్‌తో నేనూ మా ఆయనా కలిసి బిగించాం, నవారు మంచం బిగించినట్టే, ఎదురుబొదురు లాగుతూ మధ్యలోంచి మూలలకి వెళ్ళాలి, ముందే మూలలు కొట్టేస్తే ముడతలొస్తాయి. తర్వాత గెసో, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత, రెండుసార్లు. దాని మీద బర్న్ట్ సియెన్నా పల్చగా చేసి మొత్తం పూసేశాను, ఇటుకపొడి కలిపిన నీళ్ళలాంటి రంగు. ఇది హాసమ్ చేశాడో లేదో నేను చెప్పట్లేదు, నా కోసం చేసుకున్నాను, నీలం, బూడిద లాంటి చల్లటి రంగులన్నీ వెచ్చటి ఇటుకరంగు నేల మీద పడితే సందుల్లోంచి ఆ వెచ్చదనం కనిపిస్తుంది, సాయంత్రం బొమ్మకి బాగుంటుంది.

గీత దించడానికి వారం పట్టింది. ఈ బొమ్మలో బలమంతా పెర్‌స్పెక్టివ్‌లో ఉంది, ట్రాము పట్టాలు, చెట్ల వరస, భవనాల కప్పులు, అన్నీ ఒక చోటికే పరిగెడతాయి. అక్కడ గుండుసూది గుచ్చి దారం కట్టి, తాపీమేస్త్రీ గోడకి దారం పట్టినట్టు, ఒక్కో చెట్టు మొదలూ చివరా సరిచూసుకున్నాను. మ్యూజియంకి మూడుసార్లు వెళ్ళి పెన్సిల్‌తో చిన్న పుస్తకంలో గీసుకొచ్చాను, అక్కడ పెన్సిలే వాడాలి.

రంగుల విషయానికొస్తే, ఇదే అసలు కథ, కాపీ చెయ్యాలనుకునేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. నెట్‌లో ఉన్న ఇమేజి ఫోన్లో ఒకలా, లాప్‌టాప్‌లో ఒకలా, ప్రింట్ తీస్తే ఇంకోలా ఉంది. దేన్ని నమ్మాలి? అందుకని ఇంట్లో రంగులు కలిపి చిన్న అట్టముక్కల మీద పూసి, ఆరాక నంబర్లేసి, పుస్తకంలో పెట్టుకుని వెళ్ళేదాన్ని, బొమ్మకి దూరంగా నిలబడి ఒక్కో ముక్కా ఎత్తి కళ్ళు చికిలించి చూడటం, ఏది కలుస్తుందో రాసుకోవడం. మొదటిసారి తీసుకెళ్ళిన పన్నెండు ముక్కల్లో ఒక్కటీ కలవలేదు. ఇంట్లో పసుపు బల్బు కింద కలపడం వల్ల అన్నీ అనుకున్నదానికంటే చల్లగా వచ్చాయి. తెల్ల బల్బు మార్చాక దారిలో పడ్డాను.

అయినా మంచు దగ్గర దెబ్బతిన్నాను. మంచు కదా అని టైటానియం వైట్‌లో చిటికెడు నీలం కలిపి కుడివైపంతా పరిచేశాను. రెండు రోజులు బాగానే ఉందనుకున్నాను, మూడోరోజు పొద్దున లేచి చూస్తే ఏదో తేడాగా ఉంది, ఆకాశం వెలగట్లేదు, లైట్లు వెలగట్లేదు, బొమ్మ మొత్తం మధ్యాహ్నంలా ఉంది. మావయ్యకి వీడియో కాల్ చేసి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గోడకి సున్నం కొట్టినట్టుందమ్మడూ. సాయంత్రం పూట తెల్లబట్ట తెల్లగా కనిపిస్తుందా? బయటికెళ్ళి చూడు" అన్నాడు.

"ఎందుకు కనిపించదు మావయ్యా, తెల్లది తెల్లదే కదా" అన్నాను.

"తెల్లదని నీకు తెలుసు కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. మీ అమ్మమ్మ పంచెలకి నీలిమందు ఎందుకు పెట్టేదో ఆలోచించు."

ఆ సాయంత్రం కోటేసుకుని కింద పార్కింగ్ దగ్గర నిలబడ్డాను, నాలుగింటి నుంచి అయిదింటి దాకా. చేతిలో ఒక తెల్ల కాగితం పట్టుకుని, పక్కన కారు మీద మంచుతో పోల్చి చూస్తే అప్పుడు తెలిసింది, నీడలో మంచు చిలగడదుంప తొక్కలాంటి ఊదాగా ఉంది, పడమటి వైపు మంచు పీచ్ రంగులో ఉంది, చేతిలో కాగితం కూడా తెల్లగా లేదు. అసలు తెలుపన్నదే ఎక్కడా లేదు. వీధిలైటు వెలిగింది, ఆ లైటు ఒక్కటే మొత్తం దృశ్యంలో నిజంగా తేలికరంగు. ఆకాశం వెలగాలంటే మంచు తగ్గాలి, హాసమ్ చేసింది అదే, మంచుని ఒక మెట్టు కిందకి దించి ఆ మిగిల్చిన వెలుగునంతా ఆకాశానికీ దీపాలకీ ఇచ్చాడు.

ఇంటికొచ్చి పాలెట్ నైఫ్‌తో మంచంతా గీకేశాను. రంగు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి వచ్చింది, టైటానియం వైట్ నిదానంగా ఆరుతుంది, ఆ రోజు అదే నన్ను కాపాడింది. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి తెలుపుకి అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపి బూడిదరంగు చేసుకుని దాంట్లోకి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురెరుపు కొంచెం, దూరం వెళ్ళేకొద్దీ ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు కొంచెం. ప్రతి అరగంటకీ ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూసేదాన్ని, మంచు ఆకాశం కంటే తేలిగ్గా కనిపిస్తే వెంటనే ఒక మెట్టు దించడం. ఇలా మంచుకే దాదాపు నెల పట్టింది.

చెట్లు ఓపిక పరీక్షించాయి. ఆకాశం ఆరకముందే కొమ్మలు వేస్తే గోధుమరంగు ఆరెంజ్‌లో కలిసి బురదవుతుంది. మొదటి చెట్టు అలాగే పాడైంది, తుడిచేసి ఎనిమిది రోజులు ఆగాను. ఆయిల్ పెయింట్‌లో పైపూతలో నూనె ఎక్కువ, కిందపూతలో తక్కువ ఉండాలి, లేకపోతే కొన్నాళ్ళకి పగుళ్ళొస్తాయి, అందుకని పైకి వెళ్ళేకొద్దీ లిన్‌సీడ్ ఆయిల్ చుక్క చుక్క పెంచుకుంటూ పోయాను. ఇంకో విషయం, ఇది అందరూ తెలుసుకోవాలి, లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. ఆ నూనె ఆరేప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదముంది, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం, మూతున్న డబ్బాలో నీళ్ళుపోసి అందులో వెయ్యాలి.

ఈ నెలల్లో హాసమ్ గురించి దొరికినవన్నీ చదివాను. 1859లో డార్చెస్టర్లో పుట్టాడు, అది ఇప్పుడు బోస్టన్లో భాగం, మేము సిటీకి వెళ్ళే రెడ్ లైన్ అక్కడనుంచే వెళ్తుంది. 1872లో బోస్టన్ తగలబడినప్పుడు వాళ్ళ నాన్న వ్యాపారం పోయింది, చదువు ఆపేశాడు, చెక్క మీద అచ్చులు చెక్కడం, పత్రికలకి బొమ్మలు వెయ్యడం అలా పైకొచ్చాడు. ఈ బొమ్మ వేసేప్పటికి ఇరవయ్యారేళ్ళు, పెళ్ళై రెండేళ్ళు, కొలంబస్ అవెన్యూలో కాపురం. 1886లో ప్యారిస్ వెళ్ళాడు, మూడేళ్ళుండి న్యూయార్క్ వచ్చి ఫిఫ్త్ అవెన్యూ, యూనియన్ స్క్వేర్ వీధులు వేశాడు, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వేసిన జెండాల బొమ్మలు బాగా పేరుపొందాయి, అందులో ఒకటి వైట్‌హౌస్‌లో ఉంది. ఆయన్ని అమెరికన్ ఇంప్రెషనిస్టుల్లో, అంటే విడివిడి రంగు తునకలతో వెలుగుని పట్టే చిత్రకారుల్లో, ముందు వరసలో చెప్తారు, కానీ ఈ బొమ్మ ప్యారిస్‌కి ముందుది, తర్వాతి బొమ్మల్లో లాగా తునకలు తునకలు రంగు ఇందులో ఉండదు, మెత్తగా ఒకదాంట్లోకి ఒకటి జారిపోతుంది. జెండాల బొమ్మలు నాకూ ఇష్టమే, అయినా నా లెక్కలో ఇదే గొప్పది. అక్కడ వీధి పండగ చేసుకుంటోంది, ఇక్కడ వీధి పని ముగించుకుని ఇంటికెళ్తోంది, ఆ ఇంటికెళ్ళే జనాన్ని ఆయన ఒక్కో బ్రష్ చుక్కతో పెట్టాడు, ఒక్కడి మొహం కూడా కనపడదు, కానీ ఎవరు తొందరగా నడుస్తున్నారో తెలుస్తుంది. నేను కాపీ చేస్తూ ఒక చుక్క కొంచెం నిటారుగా పెడితే ఆ మనిషి ఆగిపోయాడు. వాలుగా పెడితే నడిచాడు.

పిల్లలు, ఆవిడ, ఏప్రిల్ చివర్లో వేశాను. సగం సైజు కాబట్టి మొహాలు గింజంత, మూడో నంబర్ బ్రష్ వద్దని సున్నా నంబర్ తీసుకున్నాను, కళ్ళూ ముక్కూ పెట్టబోతే బొమ్మల పెళ్ళి బొమ్మల్లా అయిపోయారు, తుడిచేసి మ్యూజియంకి వెళ్ళి మళ్ళీ చూశాను. అసలులో ఆ పిల్లల మొహాలు మనకి సరిగ్గా కనిపించవు, వంగిన మెడ చాలు, పిట్టల్ని చూస్తున్నారని మనకి అర్థమవుతుంది. అలాగే వదిలేశాను.

పూర్తిగా ఆరడానికి చాలా నెలలు పడుతుంది కాబట్టి చివరి వార్నిష్ వెంటనే వెయ్యలేదు, గోడకి ఆనించి పెట్టి డిసెంబర్లో వేశాను. వెనకాల మార్కర్‌తో రాశాను, ఛైల్డ్ హాసమ్ బొమ్మకి కాపీ, సగం సైజు అని, తేదీ వేసి. మావయ్యకి ఫొటో పంపిస్తే రాత్రి అక్కడ రెండింటికి మెలకువగానే ఉన్నాడు, పెద్దగా చేసి చూసుకుని వాయిస్ మెసేజ్ పెట్టాడు, "ఎడమవైపు మూడో చెట్టు కొంచెం లావైంది. మంచు కుదిరింది."

మూడో చెట్టు నిజంగానే లావుగా ఉంది. కొలిచి చూశాను, పావంగుళం.

ఈ చలికాలం మొదటి మంచు పడ్డ రోజు మూడున్నరకే బయల్దేరి పార్క్ స్ట్రీట్లో దిగి, కామన్ అంచున ట్రెమాంట్ వైపు తిరిగి నిలబడ్డాను. ఫ్లాస్క్‌లో టీ తీసుకెళ్ళాను. నాలుగు దాటాక లైట్లు ఒక్కొక్కటీ వెలిగాయి, మంచు ముందు నీలంలోకి, తర్వాత ఊదాలోకి దిగింది, కాళ్ళ కింద గ్రీన్ లైన్ వెళ్తున్న అదురు తెలుస్తోంది. అయిదున్నర దాకా ఉన్నాను.