కొత్త డ్రమ్ కిట్, పాత రాక్ మోత

ఈ రోజు పనంతా డ్రమ్ కిట్ దగ్గరే. పొద్దున హెడ్లన్నీ (డ్రమ్ముకి బిగించే ప్లాస్టిక్ షీట్లు) విప్పడంతో మొదలైంది. 1960లు, 70ల రాక్ మోత కోసం పాత కిట్టే కొనాలంటారు కానీ, హెడ్లు, శ్రుతి, మైకుల దూరం సరిచేస్తే కొత్త కిట్టు చాలావరకు అక్కడికి చేరుతుంది.

హెడ్ తీశాక షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) అంచు మీద వేలు పోనిస్తే అసలు తేడా తెలుస్తుంది. ఇప్పటి షెల్లులకు ఎక్కువగా 45 డిగ్రీల పదునైన అంచు ఉంటుంది. హెడ్ దాన్ని సన్నటి గీతలా తాకుతుంది కాబట్టి మోత చాలాసేపు సాగుతుంది, పై స్వరాలు గణగణమంటాయి. పాత షెల్లులు చాలావాటికి అంచు గుండ్రం. హెడ్ వెడల్పుగా ఆనడంతో మోత త్వరగా తగ్గి, కింది స్వరం నిండుగా వినిపిస్తుంది. అంచు చెక్కిస్తే మళ్లీ మునుపటిలా రాదు. అందుకే మోత తగ్గించే పని హెడ్డుతో చేయించడం మేలు.

పైన ఒకే పొర ఉన్న కోటెడ్ హెడ్, మందం 0.25 మి.మీ. ఆ తెల్లటి పూత పై స్వరాలను కాస్త తగ్గిస్తుంది. రెండు పొరల మధ్య నూనె ఉన్న హెడ్లు, అంచు చుట్టూ రింగు అంటించిన హెడ్లు వేస్తే మోత పుట్టకముందే చచ్చిపోతుంది. ఆపడం ఎంతైనా తర్వాత ఆపుకోవచ్చు, లేని మోతను మాత్రం తెచ్చుకోలేం.

శ్రుతికి ఓపిక కావాలి. హెడ్‌ని బిగించే రాడ్లన్నీ వేళ్లతో ఆనేదాకా తిప్పి, ఆ తర్వాత ఎదురెదురు రాడ్లకు కీతో సగం తిప్పు, చివర్లో పావు తిప్పు. ప్రతి లగ్ (రాడ్ బిగిసే చోటు) దగ్గర, అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల లోపల తట్టి అన్నీ ఒకే స్వరం పలికేదాకా సరిచేయాలి. ఒక్క లగ్ తేడా ఉన్నా టామ్ (తీగలు లేని మధ్యసైజు డ్రమ్) వణుకుతున్నట్టు మోగుతుంది. చాలామంది పాత రాక్ అనగానే హెడ్లు వదులు చేసేస్తారు. లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ బేస్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) 26 అంగుళాలు, అయినా శ్రుతి ఎక్కువే. డ్రమ్ పెద్దది, హెడ్ బిగువు: ఆ బరువు అక్కడినుంచి వచ్చిందే.

బేస్ డ్రమ్ దగ్గరే నాకు పట్టుదల ఎక్కువ. రంధ్రం ఉన్న ముందు హెడ్డు తీసేసి రంధ్రం లేనిది బిగించాలి, లోపలి దిండు బయటికి తీయాలి. కొట్టే హెడ్ కింద, మధ్యకు కాస్త పక్కగా, 5-8 సెం.మీ. వెడల్పు ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) పట్టీ ఒక్కటి చాలు. పెడల్‌కి ఉండే బీటరు కూడా ఫెల్ట్‌దే. కొట్టాక దాన్ని హెడ్డుకి అదిమిపెడితే మోత తెగిపోతుంది. వెనక్కి రానివ్వాలి.

స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలు మరీ బిగిస్తే గొంతు నొక్కినట్టవుతుంది. పొడి మోత కావాలంటే టామ్‌ల మీద, స్నేర్ మీద పల్చటి టీ టవల్ పరవడమే. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ చేసిందీ అదే.

మైకులు మూడే. మొదటిది స్నేర్ మధ్యకు నేరుగా పైన, సుమారు 100 సెం.మీ. ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లపై నిలబడే టామ్) పక్కన, టామ్ అంచుకు కాస్త పైనుంచి స్నేర్ వైపు చూస్తూ. స్నేర్ మధ్య నుంచి రెండింటికీ దూరం ఒకటే ఉండాలి, దారం పట్టి కొలవాలి. 17 సెం.మీ. తేడా వచ్చినా శబ్దం అర మిల్లీసెకను ఆలస్యమవుతుంది. రెండు ట్రాకులు కలిపినప్పుడు 1,000 హెర్ట్జ్ దగ్గర స్వరం కొట్టుకుపోయి స్నేర్ డొల్లగా వినిపిస్తుంది. మూడోది బేస్ డ్రమ్ ముందు హెడ్డుకి ఒక 20 సెం.మీ. బయట. ఈ పద్ధతికి ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పేరే ఉండిపోయింది. ఆయన తమ్ముడు ఆండీ జాన్స్ హెడ్లీ గ్రేంజ్ ఇంట్లో బోనమ్ కిట్టుని మెట్ల హాల్లో పెట్టించి, పైనుంచి రెండు బేయర్ ఎం160 మైకులతో పట్టాడు.

మైకులు తక్కువైతే మిక్సింగు వాయించేవాడి చేతుల్లో ఉన్నట్టే. సింబల్స్ గట్టిగా, డ్రమ్స్ మెల్లగా కొట్టే అలవాటుంటే మిక్సర్‌లో శబ్దం పెంచి తగ్గించే ఏ ఫేడరూ కాపాడదు. పల్చటి సింబల్స్ వేసి, వాటిని మెల్లగా, స్నేర్‌ని నిండుగా కొట్టాలి. అంతా కుదిరాకే 4:1 కంప్రెషన్ (పెద్ద శబ్దాన్ని అణచడం): అటాక్ (అణచడం మొదలవడానికి పట్టే సమయం) 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (అణచడం వదలడం) వేగంగా. అటాక్ మరీ తక్కువ పెడితే కర్ర దెబ్బే మాయమై, గది మోత ఒక్కటే మిగులుతుంది.