ఎరువుల కొట్టును ఇల్లుగా మార్చడానికి ఎంతవుతుంది: నా అనుభవం

పాలకొల్లు నుంచి మార్టేరు వెళ్లే రోడ్డు పక్కన మా నాన్నగారు ముప్పై ఏళ్లు నడిపిన ఎరువుల కొట్టు మూతపడి నాలుగేళ్లయింది. అద్దెకు ఎవరూ రాకపోవడంతో, దాన్నే ఇల్లుగా మార్చి అమ్మను అక్కడ ఉంచాలని 2025 మేలో నిర్ణయించుకున్నాం. కొట్టు వెడల్పు 20 అడుగులు, పొడవు 45 అడుగులు. ముందు షట్టరు, వెనక ఒక తలుపు తప్ప గోడల్లో ఎక్కడా చిన్న కంత కూడా లేదు. మొదట వచ్చిన కాంట్రాక్టరు లోపల ఒకసారి కలియదిరిగి, చదరపు అడుగుకు 900 చొప్పున 8,10,000 రూపాయలవుతుందని అక్కడికక్కడే చెప్పేశాడు. గోడలూ స్లాబూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి చవకలో అయిపోతుందన్న నమ్మకం నాకూ ఉండేది. అయితే వెలుతురు, వాడకం నీళ్లు, మురుగు పోయే దారి అనేవి ఎరువుల బస్తాలకు ఎన్నడూ అవసరం పడలేదనీ, ఖర్చులో పెద్ద భాగం వాటిదేననీ టేపు పట్టుకుని ఒక్కొక్క పనీ విడిగా రాసుకోవడం మొదలుపెట్టాక గాని తెలియలేదు.

మా ఊరి తాపీ మేస్త్రి గారు వచ్చి గోడల వైపు చూడనేలేదు. "గోడల మాట తరవాతండి, ముందు నీరెటు పోద్దో సెప్పండి" అన్నారు. బాత్రూములు వెనక, రోడ్డు కాలువ ముందు. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే, 45 అడుగుల పొడవుకు పదమూడున్నర అంగుళాల పల్లం కావాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతూ రావడంతో కొట్టు నేల అప్పటికే రోడ్డు కంటే అర అడుగు కిందికి పోయి ఉంది. కాబట్టి నేలను అడుగున్నర లేపక తప్పదని తేలింది. 900 చదరపు అడుగులకు అడుగున్నర అంటే 1,350 ఘనపుటడుగులు, అంటే పదమూడున్నర యూనిట్ల ఇసుక. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా ఎత్తుడు కూలీ, ట్రాక్టరు కిరాయి మనమే పెట్టుకోవాలి. పైగా గోదావరికి వరద వచ్చిందంటే నదిలో ఇసుక తవ్వే ర్యాంపుల్లో ఇసుక దొరకదు కాబట్టి, ఆ పద్దును ముందే తేల్చుకోవలసి వచ్చింది.

నేల లేపడం ఒక్క ఇసుకతో పోలేదు. స్లాబు ఎత్తు 12 అడుగులు కావడం మా అదృష్టం. అడుగున్నర పోయినా పదిన్నర మిగులుతుంది, జాతీయ భవన నియమావళి గదికి అడిగే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది అడుగులు. కానీ ఏడడుగుల వెనక తలుపు అయిదున్నర అడుగులకు దిగిపోతుంది. మనిషి వంగి వెళ్లాలి. తలుపు పైన గోడ బరువు మోసే పాత లింటెల్ (కాంక్రీటు దూలం) తీసి, ఇంకా పైన కొత్తది పోయడం అంచనాలో మరో పద్దయింది.

సెప్టిక్ ట్యాంకు విషయంలో మాత్రం నేను దాదాపు మోసపోయాను. మేలో పంట కాలువలు కట్టేసి ఉన్న రోజుల్లో పెరట్లో ఆరడుగులు తవ్వించి చూస్తే చుక్క నీరు లేదు, సిమెంటు ఒరలు దింపితే సరిపోతుందని రాసుకున్నాను. "కాలవలు ఒదలనివ్వండి, అప్పుడు సూద్దాం" అని మేస్త్రి గారు ఆపారు. జూన్ ఆఖరున అదే గొయ్యిలో మూడడుగుల లోతుకే నీళ్లు నిలబడి ఉన్నాయి. మన నల్లరేగడి నేలలో ఆ నీరు ఇంకే దారి లేదు. లెక్కలోంచి ఒరలు తీసేసి, సగం నేల పైకి వచ్చేలా కాంక్రీటు ట్యాంకు రాయడంతో ఆ పద్దు రెట్టింపుకు దగ్గరైంది. డెల్టాలో ఈ లెక్క వేసేవారు వేసవిలో చూసిన గొయ్యిని నమ్మవద్దని గట్టిగా చెబుతాను.

కిటికీల దగ్గర చాలామంది కొట్లో కిటికీ ధర అడిగి అదే రాసుకుంటారు. తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతు గాలీ వెలుతురూ వచ్చే ఖాళీ ఉండాలని అదే నియమావళి చెబుతుంది. పదికి పన్నెండు గదికి 20 చదరపు అడుగులు, అంటే నాలుగుకు అయిదు కిటికీ. మా స్లాబు బరువు గోడల మీదే ఉంది. అందువల్ల ప్రతి కిటికీకీ ముందు స్లాబు కింద ఆసరాగా పోట్లు పెట్టి, గోడ కోసి, రెండు వైపులా అర అడుగు చొప్పున గోడ మీద ఆనేలా లింటెల్ పోసి, అది గట్టిపడ్డాకే చట్రం, గ్రిల్లు పెట్టి, చుట్టూ మళ్లీ ప్లాస్టింగు చేయాలి. మా లెక్కలో కిటికీ ఖరీదు కంటే దాన్ని గోడలో నిలబెట్టే ఖర్చే ఎక్కువ తేలింది. ఎడమ గోడ పొరుగువారి గోడకు ఆనుకుని ఉంది కాబట్టి, గదులన్నీ మా సందున్న కుడివైపుకే జరిపాం.

కరెంటు మీటరును వాణిజ్య కేటగిరీ రెండు నుంచి గృహ కేటగిరీ ఒకటికి మార్పించడం, కొత్త వైరింగు, ఎర్తింగు, పంచాయతీ అనుమతి, ఇంజనీరు ఫీజు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బంది పెట్టింది ఎడమ గోడే. ముప్పై ఏళ్లు యూరియా, పొటాష్ బస్తాలు పేర్చిన గోడ అది. నడుము ఎత్తు దాకా తెల్లటి ఉప్పు నూగులా లేచి, వేలితో గీస్తే ప్లాస్టింగు పొడిపొడిగా రాలేది. పైన పెయింటు వేసేస్తే చాలని మొదటి కాంట్రాక్టరు అన్నాడు. మేము ఇటుక కనబడేదాకా చెక్కించి, కడిగించి, ఆరబెట్టి మళ్లీ ప్లాస్టింగు చేయించాలని రాశాం.

ఇలా పద్దులవారీగా కూడితే 9,90,000 తేలింది. కొత్త ఇంటికి పది శాతం అదనంగా ఉంచుకుంటే చాలంటారు గాని, పాత గోడ లోపల ఏముందో చెక్కితే గాని తెలియదు కాబట్టి నేను ఇరవై శాతం కలిపి 11,88,000 అని బ్యాంకుకు ఇచ్చాను. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గడం కొంత కలిసొచ్చింది. వరదలు తగ్గాక అక్టోబరులో పని మొదలుపెట్టాం. ఎడమ గోడ చెక్కి ఆరబెట్టిన రోజుల్లోనే, 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. వెనక తలుపు తీసేసిన ఖాళీలోంచి జల్లు కొట్టి గోడ తడిసి ముద్దయింది, ఆరాక ఉప్పు మళ్లీ పైకి తేలింది. రెండోసారి చెక్కించవలసి వచ్చింది.

అన్నీ కలిపి 11,60,000 అయింది. ఫాల్గుణంలో పాలు పొంగించాం. ఎడమ గోడకు మాత్రం పెయింటు వేయించకుండా వెల్ల వేయించి వదిలేశాం, ఒక వానాకాలం గడిచాక చూసి వేయిద్దామన్నారు మేస్త్రి గారు. మిగిలిన 28,000 ఆ గోడ పేరున పక్కన పెట్టి ఉంచాను.