నంబర్ ఇచ్చుకుంటే పోయేదిగా!

నిద్ర పట్టక 2001 నాటి ‘సెరెండిపిటీ’ సినిమా మళ్లీ పెట్టాను. న్యూయార్క్‌లో క్రిస్మస్ షాపింగ్, ఒకే జత నల్ల గ్లవ్స్ మీద ఇద్దరి చేతులు. ముగింపు అక్కడే తెలిసిపోతుంది. అయినా ఆపబుద్ధి కాదు. అతని నంబర్ ఐదు డాలర్ల నోటు మీద, ఆమెది ఒక పుస్తకంలో. రాసిపెట్టి ఉంటే అవే తిరిగొస్తాయని రెండూ ఊరి మీదికి వదిలేస్తారు! మా అమ్మ చూస్తే ‘చేతికిచ్చి చావచ్చుగా’ అనేది.

లిఫ్ట్ సీన్‌కి మాత్రం ప్రతిసారీ టెన్షనే. ఒకే అంతస్తు ఎంచుకుంటే రాసిపెట్టి ఉన్నట్టే అని చెరో లిఫ్ట్ ఎక్కి, ఇద్దరూ 23 నొక్కుతారు. ఇంతలో దెయ్యం వేషంలో ఉన్న పిల్లాడొకడు అతని లిఫ్ట్ ఎక్కి బటన్లన్నీ టకటకా నొక్కేస్తాడు. నాలుగోసారి చూస్తున్నా వాడి చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది.

చివర్లో ఆ గ్లవ్ పైనుంచి పడేసరికి కళ్లు చెమర్చాయి. పక్కన మా ఆయన గురక. మాది పెళ్లిళ్ల పేరయ్య కుదిర్చిన సంబంధం లెండి.